వాయించేవాళ్లే డబ్బు కట్టే మేళం

2025 జులై 18, శుక్రవారం. తెల్లవారుజామున నాలుగున్నరకి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కారు తీశాను. డిక్కీలో ఇరవై పౌండ్ల బియ్యం సంచులు రెండు, ఐస్‌బాక్సులో కొత్తిమీర, పచ్చిమిర్చి, పెరట్లో కోసిన కరివేపాకు. శాన్ ఆంటోనియోకి ఐదు గంటల దారి. మా అమ్మాయి ఉన్న డ్రమ్ కోర్, అంటే ఊరూరా తిరిగి పోటీల్లో వాయించే మేళం, ఆ పొద్దున అక్కడ దిగుతోంది. రెండు రోజులు వాళ్ల వంట బండిలో పని చేస్తానని పేరిచ్చాను.

ఊరు దాటకముందే తెనాలి నుంచి అమ్మ ఫోన్. మనవరాలి కబుర్లన్నీ అడిగి, చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "మన దగ్గర మేళం వాళ్లకి సంభావన ఇచ్చి, బట్టలు పెట్టి పంపిస్తాం. వాయించేవాళ్ల దగ్గరే డబ్బులు పుచ్చుకోవడం ఎక్కడి చోద్యమే?"

నేను అకౌంటెంట్‌ని. రోజూ ఎవరివో లెక్కలు సరిచేసే మనిషిని. అమ్మ ప్రశ్నకి మాత్రం అప్పటిదాకా సరైన జవాబు చెప్పలేకపోయాను.

టెక్సాస్‌లో ఉండే మనవాళ్లకి స్కూలు మార్చింగ్ బ్యాండ్ కొత్తేమీ కాదు. ఫ్రిస్కో, ప్లేనో స్కూళ్లలో మన పిల్లలు బోలెడంత మంది వాయిస్తారు. డ్రమ్ కోర్ దానికి పై మెట్టు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, అంతా కలిపి నూట అరవై అయిదు మంది దాకా ఉంటారు. సీజన్ మొదలయ్యే నాటికి వయసు ఇరవై ఒకటి దాటకూడదు. ఎండాకాలమంతా బస్సుల్లో దేశం తిరుగుతూ పది పన్నెండు నిమిషాల షో ఒక్కటే ఊరూరా ఆడతారు, జడ్జీలు మార్కులు వేస్తారు. ఇదంతా నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అందరూ డీసీఐ అంటారు. ఆగస్టు రెండో వారంలో ఇండియానాపొలిస్‌లో ఫైనల్స్.

మా అమ్మాయి వాయించేది కాంట్రా, అంటే భుజం మీద పెట్టుకుని నడుస్తూ వాయించే ట్యూబా. అమ్మ దాన్ని బాకా అంటుంది. పదమూడు కేజీల దాకా ఉంటుంది. దాన్ని మోస్తూ వెనక్కి నడవాలి, పక్కకి నడవాలి, మధ్యలో పరుగెత్తాలి. ఊపిరి తడబడకూడదు.

ఇందుకు మేం కట్టింది ఆరు వేల డాలర్లకి కాస్త తక్కువ. నవంబరులో ఆడిషన్ క్యాంపు, తర్వాత నెలకో క్యాంపు, ప్రతి క్యాంపుకీ మిడ్‌వెస్ట్‌కి విమానం టికెట్టు, బూట్లు, గ్లవ్స్. అవన్నీ విడిగా. వాయిదాల్లో కట్టాం కాబట్టి తెలియలేదు గానీ, ఐ-35 మీద వేకో దాటుతుండగా మనసులో కూడుకుంటే ఎనిమిది వేలు దాటింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం కాబట్టి సరిపోయింది.

ఊరి శివార్లలో ఒక హైస్కూల్ పార్కింగ్‌లో వాళ్ల మకాం. ఐదు బస్సులు, నాలుగు పెద్ద ట్రెయిలర్లు. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున మూడున్నరకి దిగి, జిమ్‌లో నేల మీద గాలి పరుపులు పరుచుకుని పడుకున్నారట. నేను వెళ్లేసరికి లేచి మైదానంలో ఉన్నారు. జిమ్ తలుపు సందులోంచి చూస్తే వరసలు వరసలుగా పరుపులు, ఒక్కో పరుపు పక్కన ఒక బ్యాగు, గాలన్ నీళ్ల సీసా. ఆ బ్యాగే రెండున్నర నెలలు వాళ్ల ఇల్లు.

చిన్నప్పుడు మా ఊరికి సురభి వాళ్లు వచ్చినప్పుడు చూసిన దృశ్యం గుర్తొచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాలు ట్రంకు పెట్టెలతో, తెరలతో, చంటిపిల్లలతో దిగేవి. వేషం వేసేవాళ్లే వంట చేసేవాళ్లు, తెర లాగేవాళ్లే టికెట్లు అమ్మేవాళ్లు. మకాం మార్చుకుంటూ బతికే కళకి ఖర్చు మొదలయ్యేది అక్కడే, లారీ దగ్గర.

వంట బండి అంటే ఒక సెమీ ట్రెయిలర్‌ని లోపల కోసి చేసిన వంటిల్లు. ఒక వైపు ఓవెన్లు, గ్యాస్ పొయ్యిలు, మరో వైపు సింకులు, చివర నడిచి వెళ్లేంత ఫ్రిజ్. పిల్లలు, టీచర్లు, డ్రైవర్లు, మాలాంటి వాలంటీర్లు కలిపి రెండు వందల ముప్ఫై మందికి రోజుకి నాలుగు పూటలు. నాలుగో పూట అర్ధరాత్రి, షో అయి వచ్చాక. అంటే రోజుకి తొమ్మిది వందలకి పైగా ప్లేట్లు. వంట నడిపే ఆవిడ రిటైరైన స్కూల్ టీచర్. కొడుకు ఇదే కోర్‌లో వాయించి పదేళ్లయినా ప్రతి ఎండాకాలం వస్తుందట, జీతం లేకుండా.

నా చేతికి ఉల్లిపాయల సంచి ఇచ్చింది. ముప్ఫై కేజీలు తరిగాను. లోపల వేడికి కళ్లజోడు ముక్కు మీద నిలవట్లేదు. మధ్యాహ్నానికి నన్నే వంట చేయమంది. తెచ్చిన బియ్యంతో జీలకర్ర అన్నం, శనగల కూర, కరివేపాకు తాలింపు. మాంసం తినని పిల్లలు ముప్ఫై మంది పైనే ఉన్నారు, వాళ్లకి సరిపడా చేస్తే చాలనుకున్నాం. తీరా గిన్నె ముందు లైను బస్సుల దాకా పోయింది. ఒక్కొక్కరూ "థాంక్యూ కుక్స్" అని గట్టిగా చెప్పి మరీ ప్లేటు పట్టారు. రెండోసారి వచ్చినవాళ్లకి కూర లేకపోతే నాకు నిజంగా బాధేసింది.

గిన్నెలు కడుగుతూ ఆవిడ డబ్బు సంగతి చెప్పింది. ఉద్యోగం అలవాటు కొద్దీ నేనూ కొంత చదివే వచ్చాను. ఈ కోర్లన్నీ లాభాపేక్ష లేని సంస్థలు, అవి ఏటా ప్రభుత్వానికి ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా తీసి చూడొచ్చు. పైవరస కోర్ల బడ్జెట్టు ఏడాదికి కొన్ని మిలియన్ల డాలర్లు. ఆదాయం నాలుగు చోట్ల నుంచి వస్తుంది: పిల్లల ఫీజులు, విరాళాలు, టీషర్టుల అమ్మకం, షోలకి వచ్చే వాటా. కాలిఫోర్నియాలో బ్లూ డెవిల్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్ లాంటివి ఏళ్ల తరబడి బింగో ఆటలు నడిపి నిలదొక్కుకున్నాయి. వాయిద్యాలు ఒక సీజన్ వాడి స్కూళ్లకి అమ్మేస్తారు, అది కొంత కలిసొస్తుంది. ఖర్చు వైపు చూస్తే బస్సులు, డీజిల్, తిండి, ఇన్సూరెన్స్. కోవిడ్ తర్వాత డ్రైవర్లు దొరకడమే కష్టమై బస్సుల అద్దెలు అమాంతం పెరిగాయి. "తిండిలో కోయమంటారు, నేను కోయను" అంది ఆవిడ. "ఎనిమిది గంటలు ఎండలో పరుగెత్తే పిల్లలు వీళ్లు."

ముందు ఇలా ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరూరా మాజీ సైనికుల సంఘాలు, చర్చిలు డ్రమ్ కోర్లు పెట్టాయి. ఏ వీధి పిల్లలు ఆ వీధి కోర్‌లో చేరేవాళ్లు, ఖర్చు సంఘం చూసుకునేది. అప్పట్లో అవి వందల్లో ఉండేవి. పోటీల రూల్సూ, డబ్బూ ఆ సంఘాల చేతిలోనే ఉండిపోతున్నాయని కోర్లు విసిగిపోయి, 1971లో తామే కలిసి డీసీఐ పెట్టుకున్నాయి. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. అక్కడి నుంచి షోలు ఎంత గొప్పగా పెరిగాయో, కోర్ల సంఖ్య అంతగా తగ్గింది. దేశమంతా తిరగడం ఆనవాయితీ అయ్యాక వీధి సంఘాలు ఎక్కడ మోయగలవు? ఆ బరువు మెల్లగా పిల్లల మీదికి జరిగింది. అమ్మకి చెప్పాల్సిన జవాబు నాకు ఆ సింకు దగ్గర దొరికింది. ఇక్కడా ఒకప్పుడు సంభావన ఇచ్చే ఊరు ఉండేది. ఊరు తప్పుకుంది, మేళం మిగిలింది.

సాయంత్రం రిహార్సల్‌కి వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. విరామంలో మా అమ్మాయి వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఎడమ భుజం మీద కాంట్రా ఆనే చోట చర్మం నల్లబడి, అరచేయంత మచ్చ కట్టింది. తాకబోతే "నొప్పి లేదమ్మా, ఇప్పుడు గట్టిపడిపోయింది" అంది. మెడలో తాడుకి చిన్న నోటుపుస్తకం. దాన్ని డాట్ బుక్ అంటారు. షోలో ఏ క్షణంలో మైదానం మీద ఎక్కడ నిలబడాలో, ఏ గీత నుంచి ఎన్ని అడుగులో, పేజీకొకటి చొప్పున రాసుకుంటారు. చెమటకి తడిసి ఆరి పేజీలు అప్పడాల్లా అయ్యాయి.

తిరగేస్తుంటే మే నెల పేజీల్లో తన చుక్క పక్కన సున్నా చుట్టి ఉంది. ఏమిటని అడిగాను.

"హోల్ అమ్మా. వాడు వెళ్లిపోయాక వారం రోజులు ఆ చోటు ఖాళీగానే నడిచాం."

ఆ అబ్బాయి సంగతి నాకు కొంత తెలుసు. మెక్సికో సరిహద్దు దగ్గర ఊరు, తండ్రి ట్రక్కు డ్రైవర్. డిసెంబరులోనే చోటు సంపాదించాడు. కాంట్రాల్లో అందరికంటే మంచి స్వరం వాడిదే అని మా అమ్మాయి చెప్పేది. మేలో ట్రైనింగ్ మొదలయ్యే నాటికి రెండు వేల ఎనిమిది వందలు బాకీ. స్కాలర్‌షిప్ నిధి అప్పటికే అయిపోయింది. ఆఫీసు వాళ్లు గడువు రెండుసార్లు పెంచి, చివరికి ఇంటికి పంపించేశారు. ఒకరికి వదిలేస్తే పది మందికి వదలాలి, పది మందికి వదిలితే జులైలో బస్సు ఆగిపోతుంది. ఆ లెక్క నేనూ వేయగలను. అయినా ఆ సంగతి తల్లిదండ్రుల్లో ఒక్కరికీ చెప్పలేదు. మే నెలలో ఒక్క మెయిల్ పెట్టి ఉంటే, మేమంతా తలా ఇరవై డాలర్లు వేసుకుంటే అయిపోయేది. ఇప్పటికీ నాకు ఆ కోపం తగ్గలేదు.

మర్నాడు అలమోడోమ్‌లో సౌత్‌వెస్టర్న్ ఛాంపియన్‌షిప్. బయట పార్కింగ్‌లో కాంట్రాలు వార్మప్ చేస్తున్నాయి. నేల అదురు చెప్పుల్లోంచి కాళ్లకి తెలుస్తోంది. కంచె అవతల జనంలో పొడుగాటి కుర్రాడు ఒకడు నిలబడ్డాడు. కుడి చేతి మూడు వేళ్లు తొడ మీద కదులుతున్నాయి, వాల్వులు నొక్కుతున్నట్టే, ఒక్క స్వరం తప్పకుండా. వార్మప్ అయ్యాక మా అమ్మాయి కంచె దగ్గరికి పరుగెత్తేదాకా వాడెవరో నాకు తెలియలేదు. నాలుగు గంటలు బస్సులో వచ్చి, టికెట్టు కొనుక్కుని, తను వాయించాల్సిన షో చూడ్డానికి వచ్చాడు.

లోపల షోలు చూస్తున్నా నా మనసు లెక్కల్లోనే ఉంది. ఒక్కో కోర్ మైదానంలోకి తోసుకొచ్చే ఎత్తైన సెట్లు, స్పీకర్లు, సింథసైజర్లు. యాంప్లిఫికేషన్ 2004లో, ఎలక్ట్రానిక్స్ 2009లో వచ్చాయి. నాకు అవి ఇష్టమే, షోకి కొత్త రంగులు తెచ్చాయి. కానీ ఆ చెక్క మెట్లు మోయడానికి ఒక ట్రెయిలర్, దానికో డ్రైవర్, దానికి డీజిల్. వాన్‌గార్డ్ దిగినప్పుడు జనం లేచి నిలబడ్డారు. ఏడు టైటిళ్లు గెలిచిన కోర్, డబ్బు చాలక 2023 సీజన్‌కే రాలేకపోయింది. 2024లో తిరిగొచ్చింది. అదే 2024 జనవరిలో కేడెట్స్ పూర్తిగా మూసేశారు. 1934లో న్యూజెర్సీ చర్చిలో పుట్టి, పది డీసీఐ టైటిళ్లు గెలిచిన కోర్ అది. దశాబ్దాల కిందటి లైంగిక వేధింపుల ఆరోపణల మీద వచ్చిన కేసు, దాని ఖర్చు తట్టుకోలేకపోయింది. పిల్లల భద్రత కూడా లెక్కల పుస్తకంలో మొదటి పేజీలో ఉండాల్సిన విషయమే.

రాత్రి పన్నెండుకి ప్లేట్లలో మ్యాక్ అండ్ చీజ్ వడ్డిస్తూ మా అమ్మాయితో వాదన పెట్టుకున్నాను. జూన్ అంతా ఎవరి ప్రాంతంలో వాళ్లు ఆడండి, పెద్ద టూర్ మూడు వారాలు చాలు, సెట్లు సగం చేయండి, ఆ మిగిలింది ఫీజులో తగ్గించండి అన్నాను.

"అమ్మా, బస్సులు తీసేస్తే ఇంక కోర్ ఏముంది? రాత్రి రెండింటికి బస్సులో నిద్రపోతూ ఒకరి మీద ఒకరం పడతాం చూడు, అందుకే మైదానంలో చూడకుండానే పక్కవాళ్లెక్కడున్నారో తెలుస్తుంది."

"మరి ఆ అబ్బాయి సంగతి?"

తను మాట్లాడలేదు. చేతిలో ప్లేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత, "సెట్లు తీసేయొచ్చు" అంది.

ఆగస్టు 8న ఇండియానాపొలిస్, లూకాస్ ఆయిల్ స్టేడియం. సెమీఫైనల్సే మా వాళ్లకి చివరి షో అయింది. మొదటి పన్నెండులోకి రాలేదు. వయసు దాటిపోతున్న పిల్లలు బస్సుల దగ్గర ఒకరినొకరు వదల్లేదు. శనివారం రాత్రి ఫైనల్స్‌లో బోస్టన్ క్రూసేడర్స్ గెలిచారు. 1940లో పెట్టిన కోర్, 1999 దాకా ఫైనల్స్ ముఖమే చూడలేదు, ఎనభై అయిదేళ్లకి మొదటి డీసీఐ టైటిల్. నా పక్కన ఒక పెద్దాయన పాత బోస్టన్ జాకెట్ వేసుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు.

హోటల్‌కి వచ్చాక నలుగురు తల్లిదండ్రులం లాబీలో కూర్చుని ఒక కాగితం రాశాం. ఫీజు కట్టలేని పిల్లలకి విడిగా ఒక నిధి, దాని లెక్క ప్రతి నెలా అందరికీ కనబడాలి, ఎవరినైనా ఇంటికి పంపే ముందు మాకు ఒక మాట చెప్పాలి. పేర్లు బయటపెట్టక్కర్లేదు, అంకె చెబితే చాలు. ఆ రాత్రికే నాలుగు వేల రెండు వందలు పోగయింది. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "నా పేరున కూడా వెయ్యి రూపాయలు రాయి, సంభావన అని రాయి" అంది.

ఆ అబ్బాయికి ఇంకా ఒక్క ఏడాది ఉంది. మా అమ్మాయి మెసేజ్ పెట్టింది. జవాబు తెల్లారి వచ్చింది, టైర్ల షాపులో రాత్రి డ్యూటీ దిగాక. నవంబరు క్యాంపు ఏ తేదీనో అడిగాడు.