రౌటర్ లాగిన్: రీసెట్ బటన్ దాకా వెళ్లకముందే చేయాల్సినవి

ఇంటి వైఫై గురించి మాట్లాడేటప్పుడు ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. ఇందులో పాస్‌వర్డ్‌లు మూడు ఉంటాయి. మొదటిది ఫోన్లో కొట్టే వైఫై పాస్‌వర్డ్. రెండోది రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్. మూడోది మీ ఇంటర్నెట్ కంపెనీ దగ్గర రౌటర్ తనంతట తాను లాగిన్ అవడానికి వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. మొదటి రెండూ పోతే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. మూడోది పోతే నెట్ ఆగిపోతుంది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సిందే.

వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టడం అందుకే ప్రమాదం. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే, రౌటర్‌గా కూడా పనిచేసే ఓఎన్‌టీ పెట్టెలో ఈ మూడూ, వాటితో పాటు కంపెనీ తన లైన్‌లో ఇంటర్నెట్‌ను వేరుగా గుర్తించడానికి వాడే వీలాన్ నంబరూ కలిసే ఉంటాయి. రీసెట్ చేస్తే అన్నీ ఒకేసారి చెరిగిపోవచ్చు. కొన్ని కంపెనీలు టీఆర్-069 అనే పద్ధతిలో సెట్టింగ్స్‌ను దూరం నుంచే మళ్లీ పంపిస్తాయి, అప్పుడు కాసేపటికి నెట్ దానంతటదే వస్తుంది. ఆ ఏర్పాటు లేని చోట టెక్నీషియన్ వచ్చి ఎక్కించేదాకా ఫోన్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు.

సెట్టింగ్స్ పేజీ అడ్రస్ ఎక్కడ దొరుకుతుంది

ఫలానా కంపెనీ రౌటర్‌కి ఫలానా అడ్రస్ అని కంఠస్థం చేయనక్కర్లేదు. మీ ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే వివరాల్లో గేట్‌వే అని ఉంటుంది. ఐఫోన్‌లో నెట్‌వర్క్ పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కితే అదే అడ్రస్ రౌటర్ అనే పేరుతో కనిపిస్తుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో చూడండి. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. జియోఫైబర్ పెట్టెకు 192.168.29.1, షావోమీ రౌటర్లకు 192.168.31.1, చాలా హువావే ఓఎన్‌టీలకు 192.168.100.1.

ఆ అంకెలను బ్రౌజర్ పైన అడ్రస్ బార్‌లోనే కొట్టాలి. గూగుల్ సెర్చ్ పెట్టెలో కొడితే "రౌటర్ లాగిన్" అని రకరకాల సైట్లు వస్తాయి. వాటిలో వేటితోనూ మీకు పని లేదు. మీ రౌటర్ పేజీ ఇంటర్నెట్‌లో ఉండదు, మీ ఇంట్లోని పెట్టెలోనే ఉంటుంది. నెట్ డౌన్ అయినా అది తెరుచుకుంటుంది.

తెరుచుకోకపోతే ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. వైఫైలో నెట్ రావడం లేదని గ్రహించిన ఫోన్ చప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, అటువైపు ఆ అడ్రస్‌లో మీ రౌటర్ ఉండదు. వీపీఎన్ యాప్ ఉంటే అదీ ఆపండి. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ అని తానే చేర్చి "ఈ సైట్ సురక్షితం కాదు" అని హెచ్చరిస్తుంటే, అడ్రస్ ముందు హెచ్‌టీటీపీ (http://) అని మీరే పూర్తిగా టైప్ చేసి చూడండి. కొన్ని పెట్టెలు హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఇస్తాయి. కొట్టిన అడ్రస్ మీ గేట్‌వేదే అని చూసుకున్నాక ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లవచ్చు. కంప్యూటర్‌లో మీ ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ పరికరం అడ్రస్) 169.254తో మొదలవుతుంటే రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. అయినా అంతే ఉంటే కంప్యూటర్‌కి చేత్తో 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఇచ్చి ప్రయత్నించండి. రౌటర్ అడ్రస్ 192.168.0.1 అయితే 192.168.0.50 ఇవ్వాలి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. కొత్త టీపీ-లింక్ మోడళ్లలో డీఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండదు, మొదటిసారి తెరిచినవాళ్లే పెట్టుకోవాలి; కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి పెట్టి ఉంటే అతన్నే అడగాలి. ఊహించి పదేపదే కొట్టొద్దు, నాలుగైదు తప్పులకే చాలా రౌటర్లు కాసేపు తలుపు మూసేస్తాయి. ఏ దారీ లేక రీసెట్టే చేయాల్సి వస్తే, ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పీపీపీఓఈ వివరాలు, వీలాన్ నంబరు తీసుకుని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే, కరెంటు ఆన్‌లో ఉండగా, లైట్లన్నీ ఒకసారి మారేదాకా సుమారు 10 సెకన్లు పిన్నుతో నొక్కి పట్టుకోండి.

లోపలికి వెళ్లాక

ఏదీ మార్చకముందు వ్యాన్ (ఇంటర్నెట్ కంపెనీ వైపు కనెక్షన్) పేజీ తెరిచి ఫోటో తీయండి. కనెక్షన్ రకం, యూజర్‌నేమ్, వీలాన్ అన్నీ అందులో రావాలి. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వాయిదా వేసే పని కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సుమారు 60 డీఫాల్ట్ యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జంటలను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటిలో చాలావాటిని డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును దాని ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే సేవ) కంపెనీ మీదకి మళ్లించడంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. 2018లో ఘోస్ట్‌డీఎన్ఎస్ దాడిలో, ఎక్కువగా బ్రెజిల్‌లో, లక్షకు పైగా రౌటర్ల డీఎన్ఎస్ మార్చేశారు. బ్యాంకు అడ్రస్ సరిగ్గానే కొట్టినవాళ్లకు నకిలీ బ్యాంకు పేజీ తెరుచుకుంది. అందుకే డీఎన్ఎస్ గడిలో ఏముందో కూడా చూడండి. అక్కడ ఆటో అని గానీ, మీకు తెలిసిన 8.8.8.8, 1.1.1.1 లాంటివి గానీ ఉండాలి. పిల్లలున్న ఇంట్లో 1.1.1.3 పెడితే పెద్దల సైట్లనూ, మాల్‌వేర్ సైట్లనూ అక్కడే ఆపుతుంది. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, ఇంటి బయటి నుంచి ఈ పేజీ తెరవాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదు.

వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు పెట్టే అలవాటు మన దగ్గర విపరీతం. టెక్నీషియన్లే అడిగి మరీ పెట్టి వెళ్తారు, గుర్తుంటుందని. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపినా 400 కోట్లకు మించవు. ఎవరైనా మీ ఇంటి బయట నిలబడి, ఒక ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే సంభాషణను పట్టుకుంటే చాలు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల ప్రయత్నాలు చేయగలదు; అంటే గంటా పది నిమిషాల్లోపు అన్ని నంబర్లూ అయిపోతాయి. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు పెట్టవచ్చు. చింతకాయ, సైకిలు, మేడ, తుఫాను లాంటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఎంచుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసి, మధ్యలో ఒకటి రెండు అంకెలు వేయండి. ఇంట్లో పెద్దవాళ్లకీ గుర్తుంటుంది. ఇక్కడ రాసిన మాటలే మాత్రం వాడకండి.

సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ గానీ, డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపినది గానీ ఎంచుకోండి. ఒట్టి డబ్ల్యూపీఏ3 పెడితే పాత టీవీలు, స్మార్ట్ ప్లగ్గులు కనెక్ట్ కాకపోవచ్చు. డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ చేసే పద్ధతి) పిన్‌ను ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్ కదా అనిపిస్తుంది గానీ, రౌటర్ దాన్ని రెండు సగాలుగా సరిచూస్తుంది, చివరి అంకె ముందువాటి నుంచి లెక్కకట్టేదే. కాబట్టి 10,000, ఇంకో 1,000, కలిపి 11,000 ప్రయత్నాలకు మించి అక్కర్లేదు. ఇది 2011లోనే బయటపడింది.

ఛానెల్ సంగతి

అపార్ట్‌మెంట్లలో "స్పీడ్ రావట్లేదు" అనేదానికి ఎక్కువసార్లు కారణం ఇదే. వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు, అంటే సిగ్నల్ వెళ్లే దారులు, ఉన్నాయి. కానీ ఒక్కో ఛానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, సిగ్నల్ ఆక్రమించేది 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల అందరూ 1, 6, 11లో ఉన్నారని 3 గానీ 8 గానీ ఎంచుకోవడం పెద్ద పొరపాటు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులవారీగా పంపుకుంటాయి. పక్క ఛానెల్‌లో ఉన్నదానికి అవతలి మాట అర్థం కాదు, గోలగా మాత్రమే వినిపిస్తుంది. అప్పుడు ఇద్దరికీ నష్టమే. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్‌తో చూసి, ఆ మూడింటిలో దగ్గరి రౌటర్లు తక్కువున్నది ఎంచుకుని, ఛానెల్ విడ్త్ 20కి పెట్టండి. 40 పెడితే బ్యాండ్‌లో సగం మీరే ఆక్రమిస్తారు, ఇరుగుపొరుగు గోల కూడా అంతకంత ఎక్కువ మీ మీద పడుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. 36 నుంచి 48, 149 నుంచి 161 మధ్య ఏదైనా, విడ్త్ 80తో పెట్టుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రౌటర్ వాటిలోకి వెళ్లేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడార్ వినిపిస్తే వెంటనే ఖాళీ చేయాలి. ఉన్నట్టుండి 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై కాసేపటికి తిరిగి వస్తోందంటే ముందు దీన్ని అనుమానించండి. దూరమూ, స్లాబూ మాత్రం దీనికి శత్రువులు. కింద పెట్టిన రౌటర్ పై అంతస్తుకి 5 గిగాహెర్ట్జ్ సరిగ్గా ఇవ్వలేదు, పైకి ల్యాన్ కేబుల్ లాగి ఇంకో రౌటర్ పెట్టడమే మేలు. స్మార్ట్ బల్బులు, చవక కెమెరాలు చాలావరకు 2.4 మాత్రమే చూస్తాయి. సెటప్ దగ్గర మొరాయిస్తే ఆ రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, పని అయ్యాక కలిపేయండి.

రెండో రౌటర్

కొన్న రౌటర్‌ని ఓఎన్‌టీకి తగిలించినప్పుడు రెండూ అడ్రస్‌లు పంచితే ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి. ఒక గదిలోని ఫోన్‌కి ఇంకో గదిలోని ప్రింటర్ కనిపించదు. రెండిటికీ 192.168.1.1 ఉంటే అసలు నెట్టే రాకపోవచ్చు. కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) పెడితే సరిపోతుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే వరుస ముఖ్యం: ఓఎన్‌టీకి కలపకుండానే లాగిన్ అయి ల్యాన్ ఐపీని (ఇంటి వైపు అడ్రస్‌ని) 192.168.1.2కి మార్చండి, కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపండి, ఆ తర్వాత ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి కేబుల్‌ని దీని ల్యాన్ పోర్టుకే పెట్టండి. వ్యాన్ పోర్టును ఖాళీగా వదిలేయండి. ఓఎన్‌టీ అడ్రస్ 192.168.1.1 అయితే ఈ లెక్క. వేరేదైతే చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ దానివే ఉండాలి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాక పాత అడ్రస్‌తో పేజీ తెరుచుకోకపోతే కంగారు పడొద్దు. దానికి ఇప్పుడు అడ్రస్ ఇచ్చేది ఓఎన్‌టీ కాబట్టి, ఓఎన్‌టీ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ జాబితాలో వెతకండి.

సీసీ కెమెరాల కోసం పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకు రౌటర్‌లో దారి తెరవడం) చేసేవాళ్లు ముందు వ్యాన్ ఐపీ చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైనా, మొదటి చుక్కకు ముందు 10 మాత్రమే ఉన్నా మీ కంపెనీ ఇంటర్నెట్‌కు కనిపించే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోంది. అప్పుడు రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు. డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) కంపెనీ యాప్‌లో క్లౌడ్ పద్ధతి వాడాలి, లేదా నెలకు కొంత కట్టి మీకే కేటాయించే, మారని స్టాటిక్ ఐపీ తీసుకోవాలి.

రాత్రి పదింటికి పిల్లల ఫోన్లకు నెట్ ఆగాలని షెడ్యూల్ పెడితే తెల్లవారుజామున మూడున్నరకు ఆగుతోందా? రౌటర్ టైమ్‌జోన్ జీఎంటీలోనే ఉండిపోయింది, +5:30కి మార్చండి. ఆ షెడ్యూల్ ఫోన్‌ని గుర్తుపట్టేది ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపుతో. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్‌ను దాచి వేరేది చూపిస్తాయి కాబట్టి, ఆ ఫోన్లలో మీ ఇంటి నెట్‌వర్క్ వరకు రాండమ్ లేదా ప్రైవేట్ అడ్రస్ ఆపాకే షెడ్యూల్‌లో చేర్చండి.

ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌ను ఓఎన్‌టీ విషయంలో కంపెనీకే వదిలేయండి. సొంత రౌటర్‌కి మాత్రం మీరే చేసుకోవాలి. స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ వీ1, వీ2 అని ఉంటుంది. పేరొకటే అయినా వెర్షన్ వేరైతే ఆ ఫైలు ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే పెట్టె పనికిరాకుండా పోవచ్చు. వైఫై మీద కాకుండా ల్యాన్ కేబుల్‌తో చేయండి. కరెంటు పోయే వేళల్లో వద్దు, తప్పదంటే రౌటర్‌ని యూపీఎస్ మీద పెట్టి మొదలుపెట్టండి. చిన్న రౌటర్ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 అని ఉందో చూసుకోవాలి. అప్‌డేట్‌కి ముందు బ్యాకప్ అండ్ రీస్టోర్ పేజీలో సెట్టింగ్స్ ఫైలు దించుకోండి. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఉంటాయి, కాబట్టి దాన్ని ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి.