వేలు తీసినా ఆగలేదు

పన్నెండు దాటింది. పడుకుంటే కుడి చేతి బొటనవేలు ఇంకా ఆ బటన్ మీదే ఉన్నట్టుంది. ఇక లాభం లేదని లేచి వచ్చి కూర్చున్నాను. హాల్లో అమ్మ గురక, పెరట్లో కప్పల గోల. సాయంత్రం నుంచీ వాన పడుతూ, ఆగుతూ ఉంది.

చెల్లి వాళ్ళ కొత్తింటి దేవుడి గది తలుపు గురించి నెల రోజులుగా మీ చెవుల్లో జోరీగలా చెబుతూనే ఉన్నాను కదా. పాత మండువా ఇల్లు విప్పిన టేకు అని, అందులో మిగిలిపోయిన మేకులు వెతకడానికి అయస్కాంతం పట్టుకుని రెండు రోజులు కూర్చున్నానని. చెక్కేది నా సీఎన్‌సీ మిషన్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ కర్రని చెక్కే మిషన్. ఇవాళ మధ్యాహ్నానికి తలుపు మీద తామర పువ్వు చుట్టూ మట్టం దించే పని అయిపోయింది. అదంతా 6 మిల్లీమీటర్ల బిట్ (గిర్రున తిరుగుతూ కర్రని కోసే మొన) పని. చాలా బాగా వచ్చింది. దాని గురించి ఇంకేం రాయను, బాగా వచ్చినదాని గురించి రాయడానికి ఏముంటుంది.

రేకుల మీద ఈనెలు గీయడానికి వి-బిట్, అంటే కొస సన్నగా ఉండేది, వేశాను. బిట్ మారిస్తే పొడవు మారుతుంది, జెడ్ సున్నా, అంటే పైకీ కిందికీ కొలత మొదలయ్యే చోటు, మళ్ళీ పెట్టుకోవాలి. నాది కాగితం పద్ధతి. బిట్‌ని తిప్పే మోటారు, అదే స్పిండిల్, ఆపేసి, బిట్ కింద చెక్క మీద ఒక కాగితం ముక్క పెట్టి, ఎడమ చేత్తో దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, కుడి చేత్తో బిట్‌ని కొంచెం కొంచెం దించుకుంటూ రావడం. కాగితం బిగుసుకున్న చోట ఆపి, కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు లెక్కలో వేసుకుంటే సరి. బిట్ ముట్టుకోగానే మిషన్ తానే ఆగే లోహపు రేకు పెట్టుకోమని మేనల్లుడు వందసార్లు చెప్పాడు. రేకు కొన్నాను కూడా. డబ్బాలో ఉంది.

దించడానికి నేను వాడేది ఒక వైర్‌లెస్ నంబర్ ప్యాడ్. షాపుల్లో లెక్కలు చూసుకునేవాళ్ళు లాప్‌టాప్ పక్కన పెట్టుకుంటారే, అదే. ఎనిమిదీ రెండూ ముందుకీ వెనక్కీ, నాలుగూ ఆరూ పక్కలకి, తొమ్మిది పైకి, మూడు కిందికి. పోయిన దసరాకి మేనల్లుడే అమర్చిపెట్టాడు. చేతిలో పట్టుకుని మిషన్ చుట్టూ ఎటైనా తిరగొచ్చు. కంప్యూటర్ వైపు మెడ తిప్పక్కర్లేదు, కళ్ళు బిట్ మొన మీదే ఉంటాయి. ఆ సుఖం మరిగాక కీబోర్డు దగ్గరికి వెళ్ళబుద్ధి కాదు.

మూడు నొక్కి పట్టుకున్నాను. దిగుతోంది. కాగితానికి ఇంకో రెండు మిల్లీమీటర్లు ఉందనగా వేలు తీశాను.

దిగుతూనే ఉంది.

నిమిషానికి 300 మిల్లీమీటర్లు అంటే వినడానికి నత్తనడక. సెకనుకి 5 అన్నమాట. మిషన్‌ని ఆపేసే ఎర్ర బటన్ బల్లకి అవతలి వైపు ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళి దాని నెత్తిన కొట్టేసరికి మోటారు గుర్రుమని మూలిగింది, ఆ మూలుగులోనే టిక్‌మని ఒక చిన్న చప్పుడు. ఎడమ చేతి వేళ్ళు అప్పటిదాకా కాగితం మీదే ఉన్నాయి. ఎప్పుడు లాక్కున్నానో నాకే తెలియదు. ఈ ముక్క మా ఆవిడకి చెప్పలేదు. ఇక్కడ చదువుతుంది కాబట్టి రేపు కాఫీ టైముకి ఎలాగూ తెలుస్తుంది.

సరిగ్గా తామర మధ్యలో, బియ్యపు గింజ నిలబడేంత గుంట. టార్చి వేసి చూస్తే అడుగున నువ్వుగింజలో సగం కూడా లేని మెరుపు. బిట్ ముక్కు. కార్బైడ్ కదా, వంగడం తెలియదు, విరగడమే. సూదితో కెలికాను, పట్టకారుతో లాగాను, కదల్లేదు. గుంట చుట్టూ టేకు పీచు లోపలికి మడిచిపెట్టినట్టు అణిగిపోయింది. ఎన్నో ఏళ్ళు ఎవరింట్లోనో దూలంగా ఉండి చెక్కు చెదరని కర్ర అది. నా చేతిలో పడ్డ నెలకి ఈ గతి పట్టింది.

అమ్మ వచ్చి చూసి, "దీనికేనా ఆ మొహం? తలుపుకి ఎలాగూ బొట్టు పెడతాం కదరా, అక్కడే పెడుతుంది చెల్లి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

ఇక ఆ ఎర్ర బటన్ సంగతి. అది నా చేతికి అందే చోట ఎందుకు లేదు? వేసవిలో మా ఆవిడ ఆవకాయ జాడీలు ఇటు వైపు అరుగు మీద పెట్టిందనీ, వైరు అడ్డం వస్తోందంటే బటన్ అటు మార్చాననీ సాయంత్రమంతా గొణుగుతూనే ఉన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తూ, "ఏమండీ, జాడీలు జూన్‌లోనే లోపల పెట్టేశాను కదా" అంది, అంతే. నిజమే. అప్పటి నుంచి అక్కడున్నది నా టేబుల్ ఫ్యానే. మనం తప్పు చేశామని తెలిసిన రోజున పప్పులో ఉప్పు కూడా ఎక్కువైనట్టే ఉంటుంది. ఉప్పు సరిగ్గానే ఉందట.

తొమ్మిదింటికి మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు విని, "మావయ్యా, బటన్ నొక్కినప్పుడు ఒక కబురు వెళ్తుంది, వదిలినప్పుడు ఇంకో కబురు. నీ రెండోది దారిలో పోయింది" అన్నాడు. వదిలిన కబురు అందలేదు కాబట్టి కంప్యూటర్ లెక్కలో నా వేలు ఇంకా మూడు మీదే ఉంది. అది మిషన్‌ని నడిపే బోర్డుకి చెప్పాల్సింది చెబుతూనే పోయింది. బోర్డులో ఉన్నది జీఆర్‌బీఎల్, 2009లో నార్వేలో ఒకాయన మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం. జరుగుతున్న కదలికని అక్కడికక్కడ రద్దు చేయడానికి దానికి ఒక్క బైటు పంపితే చాలు. కానీ ఆ బైటు పంపాలంటే నేను వేలు తీశానని ఎవరికో ఒకరికి తెలియాలి కదా. 2 కిలోబైట్ల మెమరీ ఉన్న ఆ చిన్న ఆర్డినో బోర్డు మీద ఎంతని విసుక్కుంటాం? చెప్పింది చేసింది పాపం.

"డాంగిల్ ఎక్కడ పెట్టావు?" అన్నాడు. ప్యాడ్ పంపే కబుర్లు అందుకునే చిన్న ముక్క అది. కంప్యూటర్ వెనకాల. ఇనుప డబ్బా చాటున. పక్కనే స్పిండిల్‌ని నడిపే డ్రైవ్, పైన వైఫై, అన్నీ కబురుకి అడ్డొచ్చేవే. వాడు ఫోన్‌లో నవ్వాడు. వాడి నవ్వు మా బావ నవ్వే, ఎదుటివాడికి కాలిపోయే రకం.

అప్పుడే తీర్మానించేసుకున్నాను, ఇక వైర్‌లెస్ ముట్టుకోను అని. తీగ ఉన్న పెండెంట్ (చేత్తో పట్టుకుని మిషన్‌ని కదిపే డబ్బా) ఒకటి కొనేస్తాను, పీడా పోతుంది. ఈ టపాకి "తీగే మేలు" అని పేరు కూడా అనుకున్నాను. ఇంత రాశాక గుర్తొస్తోంది, రెండేళ్ళ కింద నా దగ్గర ఉన్నది తీగదే. టెలిఫోన్ వైరులా మెలికలు మెలికలుగా ఉండేది. అది బిట్‌ని మోస్తూ కదిలే చట్రానికి, అదే గాంట్రీకి, చుట్టుకుని, పెండెంట్‌ని బల్ల మీద నుంచి లాక్కుపోయి, బురదలో దూడని ఈడ్చినట్టు పొట్టులో ఈడ్చింది. ఆ రోజు కూడా ఇక్కడే ఒక టపా రాశాను. దాని పేరు "తీగ పీడ". కొంతమంది మెచ్చుకున్నారు కూడా.

కాబట్టి తీగని పొగడటం ఇక్కడితో ఆపుతున్నాను.

ఆ మధ్య రాజమండ్రిలో తెలిసినాయన షెడ్డులో చక్రం ఉన్న పెండెంట్ పట్టుకుని చూశాను. అరచేతిలో సరిపోయే డబ్బా, మధ్యలో గుండ్రటి చక్రం, చుట్టుకి 100 టిక్కులు. టిక్కుకి 0.01 మిల్లీమీటరు అని పెట్టుకుంటే చుట్టు మొత్తానికి సరిగ్గా 1 మిల్లీమీటరు. ఒక్కో టిక్కు వేలికి తగులుతుంది. అదీ వైర్‌లెస్సే. కానీ అందులో ఒక కబురు దారిలో పోతే పోయేది ఒక టిక్కు కదలికే, కదలాల్సింది కొంచెం తక్కువ కదులుతుంది. నాదాంట్లో కబురు పోతే బిట్ పాతాళానికి పోతుంది. రెండూ గాలిలోనే మాట్లాడతాయి, ఒకటి మాట పోతే ఆగుతుంది, ఇంకోటి మాట పోతే ఆగదు. మా బావ పనిచేసే చోట క్రేన్ రిమోట్ కూడా మొదటి రకమేనట. సంకేతం అందడం మానేస్తే క్రేన్ ఉన్నచోటే నిలబడిపోతుంది.

ఆ చక్రం తిప్పుతుంటే నాకు తాతయ్య గుర్తొచ్చాడు. అప్పుడు ఆ రాజమండ్రి ఆయనకి చెప్పలేదు, షెడ్డులో మనిషికి లాకుల గురించి ఏం చెబుతాం.

మా తాతయ్య లాకుల దగ్గర లస్కరు, అంటే ఆ తలుపులు తీసి మూసే మనిషి. కాలువ మీద నీటి మట్టం ఒక మెట్టు దిగే చోట పైన రెండు తలుపులు, కింద రెండు తలుపులు, మధ్యలో గది. పడవ గదిలోకి రాగానే పై తలుపులు మూసి, కింది తలుపుల్లో ఉండే చిన్న షట్టర్లు లేపి నీళ్ళు వదిలితే, పడవ మెల్లగా కిందికి దిగుతుంది. నా చిన్నప్పటికే పడవలు తగ్గిపోయాయి. కొబ్బరికాయలవి, గడ్డివి, ఎప్పుడైనా ఇటుకలవి వచ్చేవి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఆయన పళ్ళ చక్రాలన్నిటికీ గ్రీజు పెట్టేవాడు, నేను గుంటల్లో మిగిలిన చేపపిల్లల కోసం దిగి మోకాలి దాకా బురదతో వచ్చేవాణ్ణి. ఆ గ్రీజు వాసన, తాతయ్య చుట్ట వాసన నాకు విడివిడిగా తెలియవు. రెండూ కలిపితే తాతయ్య.

షట్టరు లేపే ఇనుప హ్యాండిల్ ఎండకి కాలేది. తువ్వాలు చుట్టి నాకు ఇచ్చేవాడు, తన చెయ్యి నా చెయ్యి మీద వేసి. నేను తిప్పడం ఏముంది, దాన్ని పట్టుకుని వేలాడటమే. హ్యాండిల్ దగ్గర నిలబడితే గదిలో పడవ సరిగ్గా కనబడదు. మోకు బిగిసిందో, పడవ గోడకి ఒరుసుకుంటోందో అవతలి గట్టు మీదున్న లస్కరే చూడాలి. ఆయన అక్కడి నుంచి "తిప్పూ... తిప్పూ... తిప్పూ..." అని కేక వేస్తూ ఉండేవాడు, గొంతు ఆపకుండా. ఒకసారి కేక ఆగింది. నేను తిప్పుతూనే ఉన్నాను. ఆపమని ఎవరూ అనలేదు కదా! తాతయ్య నా చేతి మీద ఒక్కటేశాడు.

"కేక ఆగిందంటే చెయ్యి ఆగాలి. 'ఆపు' అంటాడని ఎదురుచూస్తావేంట్రా? అనాల్సినోడు కాలు జారి నీళ్ళలో పడితే ఎవడంటాడు?"

అవతల ఏం జరిగిందీ అంటే, లస్కరు చుట్ట ముట్టించుకుంటున్నాడు. తాతయ్య అది చూసి ఆయన్ని కూడా తిట్టాడు, నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ.

ఇది నిజంగా ఇలాగే జరిగిందా, ఇవాళ్టి గుంట చూసుకుని నేనే సర్దుకుంటున్నానా అనిపిస్తోంది. చేతి మీద దెబ్బ మాత్రం నిజం. తువ్వాలు చుట్టిన హ్యాండిల్ నిజం. సరే, మిగతాది మీ ఇష్టం.

రేపు చెయ్యాల్సింది తెలుసు. ఎర్ర బటన్ మళ్ళీ ఇటు, ఫ్యాన్ అటు. బటన్ తీగ తీగలాగే ఉంటుంది, ఆపేదాన్ని గాలికి వదిలే ధైర్యం నాకు లేదు. డాంగిల్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి ముందుకి తేవాలి. చక్రం పెండెంట్ కొనాలా వద్దా అన్నది తలుపు ఇచ్చాక చూద్దాం, ఇప్పుడు అడిగితే ఇంట్లో ఒప్పుకోరు.

ఇంతవరకూ రాసి మంచినీళ్ళకి లేచాను. వస్తూ వస్తూ ఎందుకో నంబర్ ప్యాడ్ వెనక మూత తీసి చూశాను. రెండు సన్న సెల్లులు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, నల్లదాని మూతి తెల్లగా పొడి పట్టి ఉంది. పోయిన నెల నేను వేసినవి రెండూ ఒకే రకం, కొత్తవి. అవి ఎక్కడున్నాయో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. టీవీ రిమోట్‌లో.

సెల్లు నీరసం వల్లే కబురు దారిలో పోయిందని ఒట్టేసి చెప్పలేను. ఇనుప డబ్బా ఉంది, డ్రైవ్ ఉంది. కానీ ఈ ఇంట్లో సెల్లులు మార్చడం వచ్చినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకడిని నేను.

రిమోట్ చేతిలో పట్టుకుని హాల్లో నిలబడ్డాను. వేలు తగిలినట్టుంది, టీవీ టక్కున వెలిగింది. గురక ఆగింది.

"ఏంట్రా ఈ వేళప్పుడు?"

"ఏం లేదమ్మా. పడుకో."

టీవీ ఆపి, రిమోట్ ఆవిడ తలగడ పక్కన ఎక్కడుందో అక్కడే పెట్టాను. సెల్లులు తియ్యలేదు. ఐదున్నరకి ఆవిడకి సుప్రభాతం ఉంటుంది.