బయోస్‌లో ప్రాసెసర్ స్పీడు: పెంచే ముందు, ఉన్నది వస్తోందా?

విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో డీటీపీ పనికో బిల్లింగ్‌కో పెట్టిన పీసీ నెమ్మదించిందంటే, ఎవరో ఒకరు "ఓవర్‌క్లాక్ చేసేద్దాం" అంటారు, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడుకు మించి నడపడం. కొన్న స్పీడే పూర్తిగా రావడం లేదని చూసేవాళ్లు తక్కువ.

బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) లెక్క సులువు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని గుణించే అంకె, అంటే రేషియో, 44 అయితే 4.4 గిగాహెర్ట్జ్. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ టర్బోలో, అంటే అవసరానికి తనే స్పీడు పెంచుకున్నప్పుడు, వెళ్లేది అంతవరకే. పేరు చివర కె లేని ఇంటెల్ చిప్‌లో రేషియో లాక్, పెంచలేం. బేస్ క్లాక్‌ని 103 చేస్తే వచ్చేది 3 శాతం, తలనొప్పి అంతకు పదింతలు. ఏఎండీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌కి లాక్ లేదు గానీ, ఏ520 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు రేషియో మార్చనివ్వదు. బీ550 బోర్డు మీద 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర బిగించేస్తే, ఒక్క కోర్ మీద పడే పనికి 4.4 దాకా వెళ్లే వీలు పోతుంది. అంచేత ప్రాసెసర్‌ని ఆటోలో వదిలేయడమే మేలు.

లాభమంతా ర్యామ్‌లో ఉంది. 5600జీలో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది. 3200 అని రాసిన స్టిక్ కొన్నా, సెట్ చేయకపోతే చాలాసార్లు అది 2133కో 2400కో నడుస్తుంటుంది. పీసీ ఆన్ చేస్తూనే డిలీట్ కీ, కొన్ని బోర్డుల్లో ఎఫ్2, టకటకా నొక్కండి. బయోస్ తెరుచుకుంటుంది. ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకు సెట్ చేసే ఆప్షన్ బోర్డును బట్టి ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ అని ఉంటుంది. ప్రొఫైల్ 1 ఎంచుకుంటే 3200, 1.35 వోల్టులు వాటంతటవే వస్తాయి. ఎఫ్10తో సేవ్. ఆ తర్వాత స్క్రీన్ నల్లగా ఉండి, పీసీ రెండు మూడుసార్లు ఆరి వెలగొచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. స్పీడు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 1600 అని కనిపిస్తే తప్పు కాదు, డీడీఆర్ ర్యామ్ ఒక్క క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కదా, రెట్టింపు చేసుకోవాలి. రెండు స్టిక్‌లుంటే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి.

కొన్నాళ్లకి మళ్లీ 2400కి పడిపోయి, గడియారం కూడా వెనక్కి పోతోందా? బోర్డు మీద ఉండి సెట్టింగులు, టైమ్ గుర్తుంచే సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటుంది. రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ స్విచ్ దించేసే అలవాటు మనవాళ్లది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు సెల్ మీద భారం దాదాపు ఉండదు, దించేస్తే రాత్రంతా దాని మీదే. మల్టీమీటర్‌లో కొత్తది 3 వోల్టులు చూపాలి, 2.7 లోపు అయితే మార్చేయండి. సెల్ తీసే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెల్ తీస్తే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. డిస్క్ నడిపే పద్ధతి, అంటే శాటా మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారితే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. డిస్క్‌కి విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఉంటే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోండి.

ఇంకో దొంగ వేడి. 5600జీ 95 డిగ్రీలు తాకితే తనే స్పీడు తగ్గించుకుంటుంది. మే నెలలో, ఫ్యాన్ కింద రెక్కల్లో దుమ్ము దూదిలా పేరుకున్నాక, బయోస్‌లో ఏం మార్చినా దండగే. బ్లోయర్‌తో ఊదించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడితే, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు.

ఎక్స్‌ఎంపీ పెట్టాక డిస్‌ప్లే అసలు రాకపోతే, పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత సెల్ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. ఈసారి 3200 బదులు 2933తో ప్రయత్నించండి.