ఆర్లాండోలో నాలుగు పార్కులు, మేం ఐదుగురం

మా ప్లాన్ మొత్తం ఒక అంగుళం తేడా మీద నడిచింది. బాబుకి నాలుగేళ్లు. గోడకి ఆనించి నిలబెట్టి కొలిస్తే 39 అంగుళాలు వచ్చాడు. మేం వెళ్లింది ఫ్లోరిడాలోని ఆర్లాండోకి, అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు థీమ్ పార్కులకి. అక్కడ 38 అంగుళాల ఎత్తుంటే స్లింకీ డాగ్ డాష్, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్లు ఎక్కనిస్తారు. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, టెస్ట్ ట్రాక్, సోరిన్ ఎక్కాలంటే 40 ఉండాల్సిందే. ఎత్తు పరిమితి ఉన్న ప్రతి రైడ్ ముందూ కొలిచే కర్ర ఉంటుంది, బతిమాలితే పని జరగదు. పాపకి పదకొండేళ్లు, దానికి ఏ అడ్డూ లేదు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, కుదుపులంటే భయం. గిర్రున తిరిగేదేదైనా ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయి. మా ఆయన ఒక్కరే దేనికైనా సై అనే మనిషి.

అందుకే ఏ రైడ్ బాగుంటుందో చెప్పే వీడియోలు ఇంట్లో వాళ్లకి వదిలేసి, నేను ఒక కాగితం తీసుకున్నాను. ఒక పక్క రైడ్ల పేర్లు, పైన మా ఐదుగురి పేర్లు. ఎవరు ఏది ఎక్కగలరో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఐదు టిక్కులూ పడ్డవాటికి పచ్చ రంగు, ఒకరికో ఇద్దరికో మాత్రమే పడ్డవాటికి ఎరుపు. పెద్ద పేరున్నవన్నీ దాదాపు ఎరుపే! స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కి 44, ట్రాన్‌కి ఏకంగా 48. పచ్చవేమో కిలిమంజారో సఫారీస్, జంగిల్ క్రూజ్, పైరేట్స్, పీటర్ పాన్, ఫ్రోజెన్ పడవ, రెమీ లాంటివి. పచ్చవాటితో రోజు నింపి, ఎరుపువాటిని పొద్దున్నే గానీ డబ్బు కట్టి గానీ తేల్చేయాలని అప్పుడే అనుకున్నాను. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ కాగితం చూసుకుని తీసుకున్నవే.

ఇక పార్కుల వరుస. చాలామంది మొదటి రోజే మ్యాజిక్ కింగ్డమ్‌కి పరుగెడతారు. 1971లో మొదలైన పార్కు అది, కోట ఉన్నది అందులోనే, పిల్లలు కలలు కనేదీ దాని గురించే. కానీ అక్కడ రాత్రి బాణసంచా దాకా ఉంటే గదికి చేరేసరికి అర్ధరాత్రి దగ్గర పడుతుంది. యానిమల్ కింగ్డమ్ మిగతావాటికంటే పెందరాళే తెరుస్తారు, పెందరాళే మూసేస్తారు. మ్యాజిక్ కింగ్డమ్ మర్నాడు యానిమల్ కింగ్డమ్ పెట్టుకుంటే తెల్లారి పిల్లల్ని లేపడం ఎవరి వల్లా కాదు. అందుకని యానిమల్ కింగ్డమ్ ముందు, మ్యాజిక్ కింగ్డమ్ తర్వాత, మధ్యలో ఒక రోజు ఏ పార్కూ లేకుండా ఖాళీ, ఆపైన హాలీవుడ్ స్టూడియోస్, చివర్లో ఎప్కాట్. ఎప్కాట్‌ని చివర పెట్టడానికీ ఒక లెక్క ఉంది. అక్కడ రైడ్ల కోసం పరుగులు తక్కువ, తిరిగి చూడటం ఎక్కువ. అప్పటికి పిల్లలకి క్యూలంటే విసుగొస్తుంది.

మధ్యలో ఖాళీ రోజు అనగానే మా ఆయన "టికెట్ వేస్ట్ కదా" అన్నారు. కాదు. నాలుగు రోజుల టికెట్‌ని ఏడు రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, ఖాళీ రోజుకి లెక్క పడదు. ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరగనిచ్చే పార్క్ హాపర్ మాత్రం వద్దనుకున్నాం. పార్కుకీ పార్కుకీ మధ్య బస్సులోనో, ఆకాశంలో తీగల మీద వెళ్లే స్కైలైనర్‌లోనో పోయే టైం, అత్తయ్యతో, బాబుని కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్‌తో కలిపి చూసుకుంటే అది మాకు గిట్టుబాటు కాదు. చురుగ్గా తిరిగే పెద్దవాళ్ల గుంపయితే అది వేరే సంగతి. టికెట్లలో ఇంకో మెలిక వయసు. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లల ధర, పదేళ్లు నిండితే పెద్దల ధరే. మా పాప పెద్దల లెక్కలోకి వెళ్లిపోయింది. అది తెలిసి ఆ పిల్ల రెండు రోజులు గొప్పలు పోయింది.

బస ఎక్కడా అన్నదాని మీద ఇంట్లో చాలా చర్చ నడిచింది. బయట హోటళ్లు చవక, నిజమే. అయినా డిస్నీ సొంత హోటల్‌లోనే ఉన్నాం. అక్కడ దిగినవాళ్లని ప్రతి రోజూ, ఏ పార్కుకైనా, మిగతావాళ్లకంటే అరగంట ముందు లోపలికి వదులుతారు. అరగంటే కదా అనిపిస్తుంది గానీ, పార్కులో పొద్దున అరగంట మధ్యాహ్నం రెండు గంటల పెట్టు. ఇంకొకటి, సొంత కారులో మ్యాజిక్ కింగ్డమ్‌కి వెళ్తే దూరంగా పార్కింగ్ చేసి, అక్కడి నుంచి మోనోరైలో ఫెర్రీనో పట్టుకుని చెరువు దాటాలి. హోటల్ బస్సు నేరుగా పార్కు ముందు దించుతుంది. అత్తయ్య మోకాళ్లకి ఆ తేడా చాలా ఎక్కువ.

డబ్బు కట్టి క్యూ దాటడం గురించి ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అని ఒకటుంది, 2024 జులై నుంచి ఉన్న పద్ధతి. రోజుకి మూడు రైడ్లు ముందే టైంతో సహా ఎంచుకోవాలి. ప్రతి దానికీ గంట వ్యవధి ఇస్తారు, ఆ గంటలో వెళ్తే చిన్న లైన్. ఒకటి వాడుకున్నాక ఫోన్‌లో ఇంకొకటి తీసుకోవచ్చు. డిస్నీ హోటల్లో ఉండేవాళ్లు చెకిన్‌కి ఏడు రోజుల ముందు, తమ బసలో ఉన్న రోజులన్నిటికీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. బయట ఉండేవాళ్లకి మూడు రోజుల ముందే తెరుచుకుంటుంది. ఆ బుకింగ్ ఆర్లాండో టైం ప్రకారం పొద్దున ఏడింటికి తెరుచుకుంటుంది. నేను అలారం పెట్టుకుని, కాగితం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బాగా గిరాకీ ఉన్న కొన్ని రైడ్లు మల్టీ పాస్‌లో ఉండవు, వాటికి విడిగా సింగిల్ పాస్ కొనాలి. రెండిటి ధరా తేదీని బట్టి, పార్కుని బట్టి మారుతుంది.

అన్ని రోజులకీ అందరికీ కొనేస్తే టికెట్ల మీద ఇంకో టికెట్ అయి కూర్చుంటుంది. పచ్చ ఎరుపు కాగితం ఇక్కడ బాగా పనికొచ్చింది. మల్టీ పాస్ మ్యాజిక్ కింగ్డమ్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ మాత్రమే తీసుకున్నాం. ఈ రెండు పార్కుల్లో మూడింటికి మూడూ పెద్దవే పట్టుకోవడం కుదరదు. రైడ్లని రెండు జాబితాలుగా విడదీశారు, పెద్దవున్న మొదటి జాబితాలోంచి ఒకటి, రెండో జాబితాలోంచి రెండు ఎంచుకోవాలి. మ్యాజిక్ కింగ్డమ్‌లో ఆ పెద్దది స్పేస్ మౌంటెన్ అయితే బాగుంటుందని పాప పట్టుబట్టింది. నేను జంగిల్ క్రూజ్ పెట్టాను. ఐదుగురం ఒకే పడవలో కూర్చునేది అదే మరి. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌కి సింగిల్ పాస్ పాపకీ వాళ్ల నాన్నకీ రెండే కొన్నాం. కుటుంబంలో ఎక్కేవాళ్లకి మాత్రమే కొనుక్కోవచ్చు, ఎక్కని వాళ్ల పేరు మీద కూడా కొని డబ్బు పారేసుకోనక్కర్లేదు.

యానిమల్ కింగ్డమ్‌లో తలుపులు తీయగానే పాండోరా అనే భాగం వైపు నడిచాం. 44 అంగుళాల ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి పాపా వాళ్ల నాన్నా, పక్కనే ఎత్తుతో పని లేని నావీ రివర్ పడవకి మేం ముగ్గురం. అందరం బయటపడ్డాక నేరుగా సఫారీకి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే జంతువులు తిరుగుతూ కనిపిస్తాయి, ఎండ ఎక్కాక నీడ చూసుకుని పడుకుంటాయి. జిరాఫీ మా బండికి అడ్డంగా నిలబడిపోతే అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఫెస్టివల్ ఆఫ్ ద లయన్ కింగ్ షో. అరగంట ఏసీలో కూర్చోవచ్చు, షో కూడా చాలా బాగుంటుంది. మధ్యాహ్నానికి బయటికి వచ్చేశాం.

ఈ మధ్యాహ్నం బయటికి రావడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడటం మామూలే. మెరుపులు దగ్గర్లో ఉంటే బయట ఉండే రైడ్లు ఆపేస్తారు. అంటే ఎండ, రద్దీ, వాన, మూసిన రైడ్లు అన్నీ ఒకటి నుంచి ఐదు మధ్యలోనే వచ్చి పడతాయి. అదే రోజు ఎన్నిసార్లయినా బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావచ్చు కాబట్టి, మ్యాజిక్ కింగ్డమ్ రోజున కూడా మేం భోజనం అవగానే గదికి వచ్చి పడుకున్నాం. రానూ పోనూ గంటకు పైగా పోతుందని తెలిసే ఒప్పుకున్నాం. సాయంత్రం వెళ్లేసరికి పిల్లలు ఫ్రెష్‌గా ఉన్నారు, చుట్టూ ఉన్న స్ట్రోలర్లలో మాత్రం ఒకటే ఏడుపులు. బాణసంచా కోట దగ్గర కాకుండా మెయిన్ స్ట్రీట్‌లో రైల్వే స్టేషన్ వైపు నిలబడి చూశాం. కోట కొంచెం చిన్నగా కనిపిస్తుంది గానీ అయిపోగానే అందరికంటే ముందు బస్సు దగ్గర ఉంటాం. గదికి పోకుండా పార్కులోనే ఉండాలనుకునేవాళ్లకి కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ చెబుతాను. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం చేసిన షో అది. స్టేజీ కదలదు, మనం కూర్చున్న హాలే చుట్టూ తిరుగుతుంది. ఇరవై నిమిషాల పైన చల్లగా కూర్చోవచ్చు.

అత్తయ్య ఉన్నారు కదా, బాబుని ఆవిడ దగ్గర కూర్చోబెట్టి మిగతా ముగ్గురం అన్నీ ఎక్కొచ్చు కదా అని మా ఆడపడుచు ఫోన్‌లో సలహా ఇచ్చింది. ఆవిడని కాపలాకి తీసుకెళ్లలేదు కదా! రైడర్ స్విచ్ ఉన్నది ఇందుకే. రైడ్ ముందు ఉన్నవాళ్లకి చెబితే, పిల్లాడితో ఆగిన పెద్దవాళ్ల కార్డు స్కాన్ చేస్తారు. మొదటివాళ్లు ఎక్కి వచ్చాక రెండోవాళ్లు పెద్ద క్యూ లేకుండా వెళ్లొచ్చు. స్పేస్ మౌంటెన్‌కి అలాగే చేశాం. పాప వాళ్ల నాన్నతో ఒకసారి, నాతో ఒకసారి ఎక్కింది. జంగిల్ క్రూజ్ కోపం అక్కడితో తీరింది.

వీల్‌చైర్ దగ్గర మాత్రం అత్తయ్య మొండికేశారు. "నాకేమైందమ్మా, నడవలేకపోతున్నానా?" అని. "మీకు కాదత్తయ్యా, బ్యాగులకి" అని అద్దెకి తీసుకున్నాం. పొద్దున్నంతా బ్యాగులే కూర్చున్నాయి, ఆవిడే పట్టుకుని తోశారు. పదకొండింటి తర్వాత బ్యాగులు స్ట్రోలర్ కిందికి వెళ్లాయి.

తిండి సంగతి మా ప్లాన్‌లో చిన్నది. బయటి నుంచి తినేవి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాల్లాంటివి మాత్రం కుదరదు. పార్కులో కొనేది ఫోన్‌లో పదిన్నరకే ఆర్డర్ పెట్టి, పన్నెండుకి తీసుకునేవాళ్లం. కూర్చుని తినే రెస్టారెంట్లకి 60 రోజుల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది. మేం ఒక్కటే పెట్టుకున్నాం, ఖాళీ రోజున కాంటెంపరరీ హోటల్లో షెఫ్ మిక్కీస్. మిక్కీ, మిన్నీ బల్లల దగ్గరికే వచ్చి ఫొటోలు దిగుతారు, దానికి పార్కు టికెట్ అక్కర్లేదు. అలా బాబు మిక్కీ కోసం ఎండలో క్యూ కట్టే పని తప్పింది. మిగతా రోజంతా ఈత కొలనే.

హాలీవుడ్ స్టూడియోస్‌లో పొద్దున్నే స్లింకీ డాగ్ డాష్‌కి వెళ్లాం. 39 అంగుళాలవాడికి అది జీవితంలో మొదటి రోలర్ కోస్టర్. దిగుతూనే "మళ్లీ" అన్నాడు, అప్పటికే బయట బోర్డు మీద గంటకు పైగా వెయిటింగ్ చూపిస్తోంది. టాయ్ స్టోరీ మేనియా అనే ఇంకో రైడ్ చూపించి పక్కకి లాక్కొచ్చాం.

ఎప్కాట్‌కి మల్టీ పాస్ తీసుకోలేదు. ముందుగా వదిలినప్పుడు రెమీ, ఫ్రోజెన్ రెండిట్లో ఒకటే హాయిగా అవుతుంది. మేం రెమీ తీసుకుని, ఫ్రోజెన్ క్యూలో మామూలుగానే నిలబడ్డాం. పదకొండు దేశాల పేర్లతో కట్టిన వరల్డ్ షోకేస్ సరస్సు చుట్టూ మైలు పైనే ఉంటుంది. అంతా నడవాలని పట్టుదల పెట్టుకోలేదు. మెక్సికో నుంచి జపాన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాం. రెమీ ఉన్నది ఫ్రాన్స్ భాగంలోనే, అది ముందే అయిపోయింది కాబట్టి మొరాకో, బ్రిటన్, కెనడా వదిలేసినట్టు. కాగితం మీద ట్రాన్, టవర్ ఆఫ్ టెర్రర్, ఎవరెస్ట్ కూడా కొట్టేసే ఉన్నాయి. గార్డియన్స్ కాస్మిక్ రివైండ్ అనే రోలర్ కోస్టర్‌కి మాత్రం పాపకీ వాళ్ల నాన్నకీ సాయంత్రం టైంకి సింగిల్ పాస్ కొని ఉంచాను. వాళ్లు అటు వెళ్లారు, మేం ముగ్గురం బాణసంచా కోసం ఆగకుండా బస్సెక్కి గదికి వచ్చి పెట్టెలు సర్దుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఫ్లైట్.