పెద్దమ్మ దాచిన జన

ఆదివారం. పొద్దున్నించీ ముసురే. పెద్దమ్మ గొడుగేసుకుని మార్కెట్టుకెళ్లి చేప తెచ్చింది. ఆవిడ పులుసు పెడుతుంటే నేను వంటింటి గడప దగ్గర కూర్చుని ‘హినమత్సురి’ మళ్లీ మొదలుపెట్టాను. మసావో ఓతకే గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. 2010 నుంచి 2020 దాకా వచ్చింది, 19 సంపుటాలు. ఆ పేరు మార్చి 3న జపాన్‌లో ఆడపిల్లల కోసం చేసే బొమ్మల పండగది. మెట్ల మీద ఎర్రగుడ్డ పరిచి బొమ్మలు పెడతారు, అచ్చం మన సంక్రాంతి కొలువులాగే.

కథలో నిత్తా ఒంటిగాడు, యాకూజా అనే జపాన్ నేరగాళ్ల ముఠా మనిషి. ఖరీదైన పింగాణీ జాడీలంటే ప్రాణం. ఓ రోజు అతనింట్లో గుడ్డులాంటి ఇనప డొల్ల ఊడిపడుతుంది. అందులో హినా. భవిష్యత్తు నుంచి వచ్చిన పిల్ల, ముట్టుకోకుండానే వస్తువులు లేపుతుంది. అడిగింది కొనకపోతే జాడీలకి మూడినట్టే! నాకు నవ్వాగలేదు.

“ఏంటే అంత నవ్వు?” అంది పెద్దమ్మ. చెప్పాను.

“మరి ఆ పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారు?”

“అతనే. బాగా వండుతాడు. దానికి సాల్మన్ చేప జన, అదే చేపగుడ్లంటే పిచ్చి.”

“నీలాగే,” అంది.

హినా కోసం భవిష్యత్తు నుంచే వచ్చిన ఇంకో పిల్ల అంజు కథ దగ్గర మాత్రం ఎప్పుడూ నవ్వు ఆగిపోతుంది నాకు. వెనక్కి వెళ్లే దారిలేక ఇల్లులేనివాళ్లతో కలిసి ఖాళీ డబ్బాలు ఏరుకుని బతుకుతుంది. ఈ పిల్ల బతుకు మనలా కాకూడదని వాళ్లే దాన్ని చైనా వంటల హోటల్ నడిపే దంపతులకి అప్పగిస్తారు. ఆ పేజీలు మెల్లగా తిప్పాను. ఎనిమిదేళ్లప్పుడు రెక్సిన్ సంచితో ఈ ఇంటికొచ్చాను నేను. మొదటి రాత్రి ఆకలి తీరకపోయినా మారు అడగలేదు. పెద్దమ్మ మాట్లాడకుండా ఇంకో ముద్ద కలిపి కంచంలో పెట్టింది. ఆ ముద్ద ఇప్పటికీ గుర్తే.

మధ్యాహ్నం గరిటెతో వెతికి జన ముక్క నా కంచంలో వేసింది. ఇన్నేళ్లలో ఆవిడ జన తినడం నేను చూడలేదు. సగం తుంచి ఆవిడ కంచంలో పెట్టాను.

“నాకెందుకే,” అంటూనే తింది. చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలు తీసుకుంటూ అడిగింది:

“ఇంతకీ ఆ హోటలువాళ్లు పిల్లని బాగా చూసుకున్నారా?”

“బాగా చూసుకున్నారు పెద్దమ్మా,” అన్నాను.