స్క్రూడ్రైవర్ గీత

మన బ్యాచి కలుసుకునే రోజుకి వేసే సంచిక కోసం కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. "రెండు పేజీలు, ఆదివారంలోగా, నవ్వు రావాలి" అని పావలా గాడి ఆర్డరు. ఇప్పుడు అధ్యక్షులు కాబట్టి పావలా గారు అనాలేమో. బకెట్ సంగతి మాత్రం రాయొద్దని బకెట్ వాడు విడిగా ఫోన్ చేశాడు. రాయనురా.

కంచరపాలెం టీకొట్టు బాకీ, డ్రాయింగ్ హాల్లో పిల్లి, ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఎడమకాలి చెప్పు, ఇవన్నీ ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు. రెండో ఏడాది నాకసలు గుర్తే లేదు. ఆ ఏడాది మార్కులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. నాకు గుర్తున్నది 1976లో ఒక మధ్యాహ్నం, ఫిట్టింగ్ షాపు, గేజీ మాస్టారు.

డాక్టరు గారి వోక్స్‌వ్యాగన్ బీటిల్ వచ్చిన రోజది. డిక్కీలో ఇంజను ఉన్న బండిని మనలో చాలామంది చూడటం అదే మొదలు. గేర్‌బాక్సుకి నాలుగు బోల్టులతో ఉన్న ఇంజన్ని మాస్టారు జాకీ మీదకు దించి, నలుగురి చేత బెంచీ ఎక్కించారు. (బకెట్ ప్రవేశించింది ఇక్కడే. ఇంతకంటే రాయను.) రేడియేటర్ లేదు, ఫ్యాను తోసే గాలే దిక్కు అని చెప్పి, అటు రెండు ఇటు రెండు పడుకున్న సిలిండర్లు ఊడదీయించారు. చివరికి కేసు, అంటే రెండు సగాలు కలిపి బిగించిన ఇంజను డొల్ల, మిగిలింది.

"ఈ రెండు చెక్కలూ కవల పిల్లల్రా. కలిపి బిగించాకే లోపలి రంధ్రాలు తొలిచారు. మధ్యలో ప్యాకింగ్ కూడా ఉండదు. ఒకటి పాడైతే రెండూ పోయినట్టే" అని చెప్పి ఆఫీసులోకి వెళ్లారు.

నట్లన్నీ తీశాం. కేసు విడిపోదు. కొయ్య సుత్తితో కొట్టాం, కదల్లేదు. ఆయన వచ్చేలోగా విడదీసి చూపిద్దామని నాకు సరదా పుట్టి, సందులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. మెత్తటి లోహం కదా, వెన్నలో దిగినట్టు దిగింది. కింద ఒక నట్టు తియ్యలేదని అప్పుడు మనవాడు, 'మూడో సిలిండర్' అని పేరున్నవాడు, చూసి చెప్పాడు. చెప్పిన తీరు మీకు తెలుసు, వీధి చివరిదాకా వినపడింది.

మాస్టారు తిట్టలేదు. ఆ నట్టు తీయించి, కేసు విప్పి, చూపుడువేలి గోటితో ఆ గీత మీద రెండుసార్లు అటూ ఇటూ రాశారు. "ఏటిరా ఇది" అన్నారు, చాలా నెమ్మదిగా. నా చేతిలో ఆకురాయి చూసి లాక్కుని, నున్నగా నూరే ఆయిల్ స్టోన్ ఇచ్చారు. "పైకి లేచిందే తియ్యి. లోపలికి పోయింది మరి రాదు. కంటితో కాదు, గోటితో చూడు." రెండు రోజులు మీరంతా బీచికి పోతుంటే నేను గోటితో చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు ఓడల ఇంజన్లు. డ్రాయింగ్‌లో రెండుసార్లు తప్పినవాడు చీఫ్ ఇంజనీర్లకు క్లియరెన్సులు (భాగాల మధ్య ఉండాల్సిన సందులు) చెప్పి సంతకం పెట్టించుకున్నాడని వినయంగా మనవి చేస్తున్నాను.

రిటైరయ్యాక వాల్తేర్ అప్‌లాండ్స్‌లో ఒక బీటిల్ దొరికింది. 1962 మోడల్, 1192 సీసీ, ఆరు వోల్టుల కరెంటు. అంతకుముందే 2014లో హుద్‌హుద్ తుఫానుకి అది ఉన్న షెడ్డు రేకులు లేచిపోయాయి, వాన కార్బురేటర్ గుండా సిలిండర్లలోకి దిగింది. రెండు పిస్టన్లు పట్టేశాయి. ఉప్పుగాలికి మెగ్నీషియం కేసు మీద తెల్లటి బూజు. చూసిన ప్రతి మెకానిక్కూ ఒకటే మాట: తీసి పారేసి మారుతీ ఇంజను పెట్టండి సార్. ఇంకొకాయన కొత్త కేసు తెప్పిస్తానన్నాడు. డైనమో స్టాండు కింద కేసు మీద కొట్టిన నంబరూ ఆర్సీ పుస్తకంలోని నంబరూ ఒకటే. దాన్ని ఎలా పారేస్తాను?

మూడేళ్లు పట్టింది. పట్టేసిన సిలిండర్లలో డీజిలు పోసి నెల రోజులు వదిలేశాను. ఆ తర్వాత చెక్కముక్క పెట్టి రోజుకి నాలుగు దెబ్బలు, అంతే. ఇరవై రెండో రోజు ఒకటి కదిలింది. మా ఆవిడని పిలిచి చూపించాను. వెంట్రుకంతే కదలిక, ఆవిడకేం కనపడలేదు. కార్బురేటర్ థ్రాటిల్ షాఫ్టు (లోపలి రేకు తిరిగే ఇరుసు) వదులై గాలి లాగుతుంటే లేత్ మీద ఇత్తడి బుష్ చేసి దింపాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మాస్టారు చెప్పినట్టే కాలిపోయి ఉంది. ఆయిల్ కూలర్ అడ్డంగా నిలబడితే దానికి చల్లగాలి ఎక్కడిది? మన మూడో సిలిండర్ గాడికి ఆ పేరు ఎందుకొచ్చిందో కావాలంటే వాడి ముందు బెంచీలో ఎవరు కూర్చునేవారో గుర్తు చేసుకోండి. ఆ వాల్వూ, బేరింగులూ, రింగులూ కొత్తవి. మిగతావన్నీ దానితో పుట్టినవే. ఆయిల్ కూలర్‌కి గాలి కొట్టి లీకు చూడాలంటే నీళ్లలో ముంచాలి. నాకూ బకెట్ అవసరం పడిందని ఒకరికి తెలియజేయగలరు.

కేసు విప్పిన రోజు సంగతి ఒకటి. నట్లు మూడుసార్లు లెక్కపెట్టి, కొయ్య సుత్తితో తడితే అరటిదొన్నెలా విడిపోయింది. లోపలి అంచు తుడిచాను. వెనక పక్కన, బొటనవేలి గోరంత పొడుగున ఒక గీత. డాక్టరు గారి బండి కాదిది, నంబర్లు చూశాను. ఎవడో నాలాంటి వాడే. గోటితో రాసి చూశాను. పైకి లేచింది ఎవరూ తియ్యలేదు. స్టోన్ తీసుకుని కూర్చున్నాను.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మా అమ్మాయి ఫోన్లో బెంగళూరు నుంచి విని, "కుట్టు మిషన్‌లా ఉంది నాన్నా" అంది. ఇప్పుడు సెలవులకొస్తే ఎయిర్‌పోర్టుకి ఆ బండే రావాలంటుంది. హైదరాబాదు నుంచి ఇద్దరు తమ కార్బురేటర్లు బస్సు పార్సిల్లో పంపారు. డబ్బు తీసుకోను, ఇత్తడి ఖర్చు మాత్రమే.

కలుసుకునే రోజు బండిలోనే వస్తాను. పార్కింగ్ చూసేవాళ్లు నీడలో కాస్త చోటు ఉంచండి. ఆ గీత దగ్గర ఇప్పటికీ రాత్రికి ఒక చుక్క ఆయిల్ కారుతుంది. కింద వేసే అట్టముక్క నేనే తెచ్చుకుంటాను.