పిడికిలి ఎత్తిన శనివారం

పదకొండున్నర దాటింది. మా ఆయన గురక మొదలైంది, అంటే ఆయన కోపం చల్లారినట్టే, నాదే ఇంకా చల్లారలా. చిన్నాడి జెర్సీ వాషర్లోనే ఉంది, తీసి డ్రయర్లో వెయ్యాలి, లేవబుద్ధి కావట్లా.

మన శనివారాలు మీకు తెలిసినవే కదా, పిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు. ఇవాళ్టి మ్యాచ్ గెలిచారు, చిన్నాడు రెండు బాస్కెట్లు వేశాడు, అది బానే ఉంది. గొడవంతా రెండో హాఫ్‌లో. పరిగెత్తీ పరిగెత్తీ రొప్పుతా, వీడు కోచ్ వైపు తిరిగి పిడికిలి పైకెత్తాడు. ఆయన వెంటనే వీణ్ణి పిలిచి కూర్చోబెట్టి ఇంకో పిల్లాణ్ణి పంపాడు. మూడు నిమిషాలయ్యాక వీడే లేచి, నేను వెళ్తానని చెప్పి మళ్లీ వెళ్లిపోయాడు. అంతే. దానికి మా ఆయన పక్క వరసలో మనవాళ్లంతా వినేట్టు "ఆడమని డబ్బులు కట్టి పంపిస్తే అలిసిపోయానని వీడే చెయ్యెత్తుతాడేంటి" అని మొదలుపెట్టి, కార్లో, పటేల్ షాపులో కరివేపాకు ఏరుతున్నప్పుడు, మళ్లీ అన్నం దగ్గర, అదే మాట. చిన్నాడు పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ ప్లేటు చూసినప్పట్నుంచీ నాకు మండుతోంది.

ఆ పిడికిలి వీడు కనిపెట్టింది కాదు. లేత నీలం టోపీ పెట్టుకునే మా పెద్దాయన కోచ్ మొదటి రోజే చెప్పాడు, ఇది చాపెల్ హిల్ యూనివర్సిటీ పాత బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ పద్ధతి అని. ఈ ఊళ్లో ఉంటూ ఆ పేరు వినకుండా ఎలా ఉంటాం, నార్త్ కరోలినాలో మా మోరిస్‌విల్‌కి ఒక పక్క డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు, ఇంకో పక్క చాపెల్ హిల్ వాళ్లు, మధ్యలో మనం సాంబారు కాచుకుంటా ఉన్నాం. కానీ పేరు వినడం వేరు. ఇవాళ ఆ మంటలో కూర్చుని ఆయన గురించి రెండు గంటలు చదివాను.

చాపెల్ హిల్‌లో 1961లో హెడ్ కోచ్ అయ్యేటప్పటికి ఆయనకి ముప్ఫయ్యేళ్లు. మొదటి ఏడాది 8 గెలుపులు, 9 ఓటములు. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడిపోయి బస్సులో తిరిగొస్తే, క్యాంపస్‌లో కుర్రాళ్లు ఆయన దిష్టిబొమ్మని వేలాడదీసి ఉంచారంట. టీంలో బిల్లీ కనింగ్‌హామ్ బస్సు దిగి దాన్ని పీకి పారేశాడు. అయినా 1961 నుంచి 1997 దాకా అదే కాలేజీలో, 36 సీజన్లు, 879 గెలుపులు, రిటైరయ్యేనాటికి మగవాళ్ల డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటలో పై స్థాయిలో, అదే రికార్డు. బాస్కెట్ వేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి, అదీ ఆయన అలవాటు చేసిందే.

పిడికిలి సంగతిలో ఇంకో మెలిక ఉంది. అలిసిపోయానని నువ్వే చెప్పి బయటికొస్తే, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో కూడా నీ ఇష్టమే. చెప్పకుండా దాచుకుని కాళ్లీడుస్తా కోచ్ కంటపడ్డావో, ఇంక ఆయన పంపినప్పుడే వెళ్లాలి. ఇది చదివి ఫోను పక్కన పెట్టేశాను. నాకు బాపట్ల గుర్తొచ్చింది.

ఇంటర్ రెండో ఏడు. మా కోర్టంటే మట్టి నేల, రింగుకి నెట్ ఉండేది కాదు, బంతి పడిందా లేదా అని దానికో గొడవ. మాకు ఆటలు నేర్పే పీడీ సార్ పొద్దున్నే పాలడబ్బాకి మేకుతో చిల్లులు కొట్టి, అందులో సున్నం పోసి, వంగి టకటకా తట్టుకుంటా గీతలు గీసేవారు, తొమ్మిదింటికల్లా సైకిళ్లు తొక్కి చెరిపేసేవి, మళ్లీ మర్నాడు గీసేవారు. బాపట్ల మ్యాచ్ రోజు నాకు జ్వరం. ఎవరికీ చెప్పలా. ఒక పావుగంట ఆడానేమో, సార్ విజిలేసి నన్ను బయటికి లాగేశారు. నేనాడతానంటే "కూర్చో అమ్మాయ్" అన్నారు, అంతే, మళ్లీ పంపలా. చిత్తుగా ఓడిపోయాం. స్టేషన్ దాకా ఆయనతో మాట్లాడలేదు నేను. ప్యాసింజర్ గంటన్నర లేటు. ఆయన బయటికెళ్లి ఆకులో కట్టించి ఇడ్లీ పొట్లాలు తెచ్చారు, చెట్నీ కారి చొక్కా జేబు తడిసిపోయింది. తలా ఒకటి ఇచ్చి, పది మంది, పది పొట్లాలు, అని లెక్కపెట్టుకున్నారు. పదకొండోది లేదు. నేను నా పొట్లం పక్కపిల్లకిచ్చేశాను, పౌరుషం.

డీన్ స్మిత్ 2015 ఫిబ్రవరిలో పోయాక, ఆయన దగ్గర ఆడిన దాదాపు 180 మందికి తలా 200 డాలర్ల చెక్కు వచ్చిందంట, బయటికెళ్లి మంచి భోజనం చెయ్యండని వీలునామాలో రాశాడు. కొందరు దాన్ని బ్యాంకులో వెయ్యకుండా ఫ్రేం కట్టించుకున్నారు. చివరి ఏళ్లలో ఆయనకి జ్ఞాపకశక్తి పోయింది. పిల్లలందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటాడని పేరున్న మనిషికి!

అయినా మరీ దేవుణ్ణి చేయక్కర్లేదులే. ఫోర్ కార్నర్స్ అని ఒకటి పెట్టాడు, లీడ్‌లో ఉంటే బంతిని నాలుగు మూలలా తిప్పుకుంటా టైం తినేయడం. 1982లో ఏసీసీ అనే ఇక్కడి కాలేజీల లీగ్ టోర్నీలో వర్జీనియాతో ఫైనల్ 47-45, చివర్లో నిమిషాల తరబడి బంతి దాచుకున్నారు, చూసేవాళ్లకి నరకం. తర్వాత కాలేజీ ఆటకి షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాల్సిందే అనే గడియారం, వచ్చిందంటే ఇలాంటివీ ఒక కారణమే. అన్నేళ్లలో జాతీయ ఛాంపియన్‌షిప్‌లు రెండే, 1982, 1993. అదే యూసీఎల్ఏ కోచ్ జాన్ వుడెన్‌కి పది. మైకేల్ జోర్డాన్ ఈయన దగ్గరే ఆడాడు, అయినా కాలేజీలో వాడి సగటు మ్యాచ్‌కి 17.7 పాయింట్లే, వాణ్ణి ఇరవై లోపు ఆపగలిగింది డీన్ స్మిత్ ఒక్కడే అని ఇక్కడో జోకు. మా ఆయనకి ఈ జోకు తెలిస్తే నా పని అయిపోయినట్టే.

నిజం చెప్పనా, వీడు పిడికిలి ఎత్తినప్పుడు నాకూ చివుక్కుమంది. పక్కింటి వాళ్ల పిల్లాడు ఎత్తలేదుగా అనుకున్నా. మా ఆయన పైకన్నాడు, నేను లోపల అనుకున్నా, తేడా అంతే. జ్వరం దాచుకున్నదాన్ని నేనే కదా మరి. అట్లాగని ఆయన పటేల్ షాపులో అందరిముందూ అనాలా? అది మాత్రం నేను వదలను.

పీడీ సార్‌కి బాస్కెట్‌బాల్ కూడా మిగల్చలేదు తర్వాత. కోర్టు స్థలంలో కొత్త బ్లాక్ కట్టారు, ఆయన్ని గేటు దగ్గర లేటుగా వచ్చేవాళ్లని పట్టుకునే డ్యూటీలో పెట్టారు. ఆయన ఎన్ని మ్యాచ్‌లు గెలిచారో ఎవరూ రాసిపెట్టలా, మా రెండేళ్లలో మూడో నాలుగో.

ఇందాక మా ఇంటర్ గ్రూపులో పెట్టాను, ఎవరి దగ్గరన్నా పీడీ సార్ నంబరుందా అని. ఇండియాలో ఇప్పుడు పొద్దునేగా. నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు. ఇప్పుడే ఒకత్తి రాసింది. ఆ రోజు నా పొట్లం కూడా తిన్నదే.

"ఏ సారే? గేటు దగ్గర బెత్తం పట్టుకుని నుంచునేవాడు, ఆయనా?"